రెండో ఓటు కోసం వెళ్లి మొదటి ఓటు పోగొట్టుకున్నారు

సభలోని పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

రాష్ట్రపతి ఎన్నికకు ప్రచారం ఏమిటండీ, ఓటేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలే కదా అని చాలామంది అంటారు. మామూలుగా అయితే నిజమే. ఏ పార్టీకి ఎంత బలముందో లెక్కేసుకుంటే ఫలితం ముందే తెలిసిపోతుంది. 1969లో మాత్రం ఆ లెక్క తప్పింది. ప్రధాన పోటీదారులిద్దరూ తెలుగువాళ్లే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి, ఇంకొకరు బరంపురంలో పుట్టిన వి.వి.గిరి.

అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మే 3న కన్నుమూశారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిని ఎంపిక చేసింది. ప్రధాని ఇందిరాగాంధీ కోరుకున్నది కేంద్ర మంత్రి జగ్జీవన్ రామ్‌ని. అయినా సంజీవరెడ్డి నామినేషన్ మీద ఆవిడే సంతకం చేశారు! ఆ తర్వాత నడిచిందే అసలు ప్రచారం.

ఉప ప్రధాని మొరార్జీ దేశాయ్ నుంచి ఇందిర ఆర్థిక శాఖ తీసేశారు. జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. దానిపై సంతకం పెట్టింది తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి. మర్నాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్న మనిషి ఆయన. ఆ సంతకానికి అంతకంటే తగిన చెయ్యి ఇంకెవరిదుంటుంది? ఈ ఎన్నికలో ఓటు లేని జనం బ్యాంకుల జాతీయీకరణను మెచ్చుకుంటూ ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్‌లోని ఇందిర ఇంటి ముందు గుమిగూడారు. ఓటున్న ఎమ్మెల్యేలు ఆ జనాన్ని చూశారు. రేపు మళ్లీ ఆ జనం దగ్గరికే కదా వాళ్లు వెళ్లాలి.

అవతలి వర్గం, అంటే సంజీవరెడ్డిని నిలబెట్టిన కాంగ్రెస్ పెద్దలు, ఏం చేసింది? ఈ ఎన్నికలో ప్రాధాన్య ఓటు ఉంటుంది, అంటే ఒకే బ్యాలట్ మీద అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తారు. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే, తక్కువ ఓట్లు వచ్చినవాళ్లను తప్పించి వాళ్ల బ్యాలట్లలోని తర్వాతి ప్రాధాన్యం చూస్తారు. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు మాజీ ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ పార్టీల నాయకులను కలిసి, రెండో ప్రాధాన్యం సంజీవరెడ్డికి ఇవ్వమని అడిగారు. కాగితం మీద మంచి ఎత్తే. కానీ ఇందిర వర్గానికి కావలసిన సాకు సరిగ్గా అక్కడే దొరికింది. మితవాద (రైట్) పార్టీలతో చేతులు కలిపారంటూ జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అధ్యక్షుణ్ణి నిలదీశారు. ఆపైన వచ్చింది ఇందిర 'అంతరాత్మ ప్రబోధం' పిలుపు, అంటే పార్టీ ఎవరిని నిలబెట్టినా మనస్సాక్షి ప్రకారం ఓటేయమని. రహస్య ఓటు, విప్ (ఇలాగే ఓటేయాలనే పార్టీ ఆదేశం) జారీ చేసే వీలు లేదు, ఇక సభ్యుణ్ణి పట్టి ఆపేదెవరు?

ఆగస్టు 20న లెక్కింపు. ఒక్కో ఎంపీ, ఎమ్మెల్యే ఓటుకు ఇంత అని విలువ ఉంటుంది, కింది అంకెలు ఆ విలువల మొత్తాలు. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి. ఆఖరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. ఇక్కడ కాస్త ఆగి చూడండి. బదిలీల్లో గిరికి కలిసినవి 18 వేల పైచిలుకు. సంజీవరెడ్డికి దాదాపు 92 వేలు! అంటే నిజలింగప్ప అడిగిన రెండో ఓట్లు చాలావరకు వచ్చాయి. ఆ ఎత్తు పారింది. కాకపోతే దాని కోసం ఇచ్చుకున్నది సొంత పార్టీ మొదటి ఓట్లను. ఆ పొత్తు లేకపోయినా ఇందిర ఇంకో సాకు వెతుక్కునేవారేమో, కానీ ఇంత బలమైనది దొరికేది కాదని నా అభిప్రాయం.

ఇందులో మురికి కూడా ఉంది. సంజీవరెడ్డి మీద సంతకం లేని కరపత్రం ఒకటి ఎంపీల మధ్య తిరిగింది. ఫలితాన్ని సవాలు చేస్తూ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. కోర్టు పిటిషన్లు కొట్టేసింది.

నవంబరుకల్లా కాంగ్రెస్ రెండుగా చీలింది. సంజీవరెడ్డి 1977లో మళ్లీ నామినేషన్ వేశారు. మొత్తం 37 మంది వేస్తే పరిశీలనలో మిగతా 36 మందివీ చెల్లలేదు. ఈసారి ఎవరినీ ఓటు అడగాల్సిన పనే లేకుండా రాష్ట్రపతి అయ్యారు.