అమ్మానాన్నల మరణం, ఆ తర్వాత వెంటాడే ఆందోళన

[తెరపై: అర్ధరాత్రి. మసక వెలుతురులో మంచం. ఎనిమిదేళ్ల పాప లేచి కూర్చుంటుంది.]

వ్యాఖ్యానం: తండ్రి చనిపోయి కొన్ని నెలలైన ఒక పాప, రాత్రిపూట లేచి, నిద్రపోతున్న అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటుంది. వెచ్చగా తగిలితే పడుకుంటుంది, కాసేపటికి మళ్లీ లేస్తుంది. పగలు ఆమె ఆటపాటలు చూసిన పెద్దలు మాత్రం "చిన్నపిల్ల కదా, మరిచిపోయింది" అనుకుంటారు.

భయం వేసినప్పుడు పిల్లల గుండె దడను తగ్గించేది తర్కం కాదు, దగ్గరకు తీసుకునే మనిషి. కాపాడే మనిషి అవసరానికి అందుబాటులో ఉంటారన్న నమ్మకం సడలినప్పుడు ఆందోళన పెరుగుతుందని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ వివరించారు. మరణంతో ఆ మనిషే లేకుండా పోతారు. మిగిలిన ఒక్కరూ తమ దుఃఖంలో మునిగి ఉంటారు.

[తెరపై: 1992, వర్జీనియా]

వ్యాఖ్యానం: అమెరికాలోని వర్జీనియాలో వెయ్యికి పైగా కవల అక్కచెల్లెళ్ల జంటలను పరిశీలించి, కెన్నెత్ కెండ్లర్ బృందం 1992లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. 17 ఏళ్లలోపు తల్లినో తండ్రినో మరణం వల్ల కోల్పోవడానికీ, పెద్దయ్యాక వచ్చే పానిక్ డిజార్డర్ (హఠాత్తుగా తీవ్రమైన భయం కమ్ముకురావడం), ఫోబియా (ఏదో ఒక దానిపట్ల విపరీతమైన భయం)లకూ సంబంధం ఉన్నట్లు అందులో తేలింది. ఎప్పుడూ ఏదో ఒక చింతతో నలిగిపోయే జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ మాత్రం మరణంతో కాక, తల్లిదండ్రులకు దూరమై పెరగడంతో ముడిపడి కనిపించింది. అయితే ఈ రుగ్మతలకు లోనయ్యే స్వభావంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో, తల్లిదండ్రుల లేమి వివరించగలిగినది 1.5 నుంచి 5.1 శాతం మాత్రమే. అంటే, ఆ లేమి ఒక్కటే అంతా తేల్చేయదు. చిన్నప్పుడే అమ్మనో నాన్ననో పోగొట్టుకుని ఈ వీడియో చూస్తున్నవారు ఈ అంకెను తప్పక గుర్తుంచుకోవాలని నా కోరిక.

మరణం తర్వాత ఇల్లు ఎలా నడిచిందన్నది చాలా ముఖ్యం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇర్విన్ శాండ్లర్ బృందం తల్లినో తండ్రినో కోల్పోయిన 8 నుంచి 16 ఏళ్ల పిల్లలతోనూ, వారిని పెంచుతున్న పెద్దలతోనూ 12 సామూహిక సమావేశాలు నిర్వహించి, పిల్లల మాట ఓపికగా వినడం, దినచర్య చెదరకుండా చూడడం వంటివి నేర్పింది. దాని వల్ల పిల్లలకు కలిగిన మేలు ఆరేళ్ల తర్వాత కూడా కనిపించింది.

"నాన్న నిద్రపోయాడు" అని చెబితే పిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకోవచ్చు. చనిపోయాడన్న మాటను మెల్లగానైనా ఆ మాటతోనే చెప్పాలి. "నువ్వూ చనిపోతావా?" అని అడిగితే, "నేను ఆరోగ్యంగా ఉన్నాను, చాలా ఏళ్లు నీతో ఉంటాననే అనుకుంటున్నాను, నాకేమైనా అయినా నిన్ను పిన్ని చూసుకుంటుంది" అనడం, "అలాంటి మాటలు అనకూడదు" అని నోరు మూయించడం కంటే ఎంతో మేలు.

[తెరపై: జవాబు రాని ఫోన్‌ను పట్టుకున్న ఒక స్త్రీ చేయి.]

వ్యాఖ్యానం: ఆ పాపే పెద్దదై, భర్త ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే చేతులు చల్లబడి, పదిసార్లు మళ్లీ చేసే స్థితికి రావచ్చు. దీనికి చికిత్స ఉంది. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో ఆమె మొదట అయిదు నిమిషాలు, తర్వాత పావుగంట, ఆపైన అరగంట ఫోన్ చేయకుండా ఆగుతుంది. ఆ భయం తనంతట తాను పెరిగి, తగ్గడాన్ని గమనిస్తుంది. అవసరమైతే వైద్యులు మందులూ ఇస్తారు. గుండె దడ అని డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, ఎన్నేళ్ల కిందటిదైనా సరే, నాన్న పోయిన సంగతి కూడా ఆయనతో చెప్పండి.