పైనున్న కుక్కను కాదు, కిందున్నదాన్ని చూడాలి

హోస్ట్: నమస్తే. ఈమధ్య మా ఇంటి ముందు రోజూ సాయంత్రం ఒకటే లొల్లి. గేటు తీస్తే చాలు, మా లడ్డూ, ఎదురింటి బ్రూనో ఒకదాని మీద ఒకటి పడతాయి. మెడలు పట్టుకోవడం, గుర్రుమనడం! మా అమ్మేమో "చంపుకుంటున్నాయిరా" అని చీపురు పట్టుకుని ఉరుకుతుంది. అందుకే పానగల్ దగ్గర బత్తాయి తోటలో చాన్నాళ్లుగా కుక్కలు పెంచుతున్న అక్కను మా ఇంటికే పిలిచాను. అక్కా, ఇది ఆటా, కొట్లాటా?

అక్క: ముందు ఆ చీపురు పక్కన పెట్టమను తమ్మీ. (నవ్వు) గుర్రుమన్నంత మాత్రాన కొట్లాట కాదు. మా రెండూ ఆడుకుంటుంటే ఆ చప్పుడుకు కాయలు తెంపడానికి వచ్చినవాళ్లు భయపడతారు. నిజంగా కోపమొస్తే చాలాసార్లు ముందు చప్పుడే ఆగిపోతుంది. ఒళ్లు కట్టెలా బిగుసుకుంటుంది, నోరు మూసుకుంటుంది, రెప్ప వేయకుండా చూస్తుంది. నాకు ఆ నిశ్శబ్దమంటేనే టెన్షన్.

హోస్ట్: మరి ఆటైతే?

అక్క: ఒళ్లు వదులుగా ఉంటుంది. ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకి లేపి తోకాడిస్తుంది చూడు, అది పిలుపు. ఇక నేను కరిచినా ఉత్తుత్తిదే అని చెప్పడం. ఒకసారి ఇది తరిమితే ఇంకోసారి అది తరుముతుంది. మా పెద్దది చిన్నదాని ముందు కావాలనే వెల్లకిలా పడుతుంది, దొంగది!

హోస్ట్: మా దగ్గర ఎప్పుడూ లడ్డూయే కింద అక్కా.

అక్క: అందరూ పైనున్నదాన్నే చూసి తిడతారు. అడగాల్సింది కిందున్నదాన్ని. బ్రూనోను పిలిచి అర నిమిషం తాడుతో పక్కన పట్టుకో. లడ్డూ మళ్లీ దాని దగ్గరికే ఉరికితే ఆట. మంచం కిందికో, నీ కాళ్ల వెనక్కో దూరితే ఆ రోజుకు బంద్. అసలు లడ్డూను ఎన్ని రోజుల పిల్లప్పుడు తెచ్చారు?

హోస్ట్: నెల రోజులు ఉంటాయేమో.

అక్క: తొందరపడ్డారు. కనీసం రెండు నెలలు తల్లి దగ్గరే ఉండాలి. ఎంత గట్టిగా కరిస్తే నొప్పో తోడపుట్టినవాటితో ఆడుకుంటూనే నేర్చుకుంటాయి.

హోస్ట్: మీ దగ్గర ఎప్పుడూ గొడవ కాలేదా?

అక్క: ఎందుకు కాలేదు! ఓ ఆదివారం మటన్ బొక్క ఒక్కటే వేశాను. నా బుద్ధి తక్కువ. అవి ఎంత స్నేహంగా ఉన్నా తిండి విడివిడిగానే పెట్టాలి. విడదీద్దామని మెడ బెల్టు పట్టుకున్నాను, నా మణికట్టుకే పళ్లు దిగాయి. ఆ ఊపులో దానికి ఎవరి చెయ్యో తెలియదు పాపం.

హోస్ట్: అయ్యో! మరి?

అక్క: అత్తమ్మ పసుపు పెడతానంది, వద్దన్నాను. బోరు నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాను. టీకా వేయించిన కుక్కే కదా అని ఊరుకోలేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

హోస్ట్: అయితే ఎలా విడదీయాలి?

అక్క: చెయ్యి మధ్యలోకి పోవద్దు. బకెట్ నీళ్లు కుమ్మరించు, స్టీలు పళ్లెం మోగించు, గంపో తలుపు రెక్కో అడ్డం పెట్టు. అప్పటికీ వదలకపోతే ఇద్దరు మనుషులు చెరొకదాని వెనక కాళ్లు పట్టి తోపుడుబండిలా వెనక్కి లాగాలి. ఒక్కడివే ఉంటే ఆ పని చెయ్యకు. అసలు అంతదాకా రానీయొద్దు. రెండు మూడు నిమిషాలకోసారి ఆట ఆపి, పిలిచి బిస్కెట్ ముక్క పెట్టు, ఊపిరి నిమ్మళించాక వదులు.

హోస్ట్: ఎండాకాలం కూడా సాయంత్రమే ఆడించొచ్చా?

అక్క: మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊరు మనది. సాయంత్రం ఐదింటికి కూడా సిమెంటు వాకిలి కాలుతుంటుంది. వగర్చే కుక్కకు చిరాకెక్కువ, ఆట కాస్తా తగాదా అవుతుంది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కానిచ్చెయ్.

హోస్ట్: అక్కా, లడ్డూ అప్పుడే గేటు దగ్గర కూర్చుని తోకాడిస్తోంది.

అక్క: ఎవరికోసం?

హోస్ట్: బ్రూనో బయటికొచ్చింది.

అక్క: సరే, తాడు పట్టుకురా. నేనుండగానే చూద్దాం. అమ్మను మాత్రం లోపలే ఉండమను.