పోర్టులో పోయిన రోజుకి బిల్లు కట్టేది చెరువు రైతే

అందరికీ నమస్కారం. నన్ను పోర్టుల గురించి మాట్లాడమన్నారు. నేను మాత్రం రొయ్య దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ కూర్చున్న చాలామంది ఇళ్ళల్లో చెరువులున్నాయి.

భీమవరం చుట్టుపక్కల పట్టిన రొయ్య ప్లాంటుకెళ్ళి, తల తీయించుకుని, గడ్డకట్టి, అట్టపెట్టెల్లో సర్దుకుని 40 అడుగుల రీఫర్ కంటైనర్, అంటే ఫ్రిజ్ లాంటి పెద్ద ఇనుప పెట్టె ఎక్కుతుంది. అక్కడి నుంచి అమెరికాలో కొన్నవాడి గోడౌన్ చేరేదాకా మైనస్ 18 డిగ్రీల చలి తప్పకూడదు. లారీ మీద ఉన్నంతసేపూ దానికి కరెంటిచ్చే జెన్‌సెట్ (జనరేటర్) నడవాలి, విశాఖ యార్డులో దించగానే కరెంటు ప్లగ్ దొరకాలి. ఓడకి కటాఫ్ టైమ్ ఉంటుంది, ఆలోపు పెట్టె గేటు దాటాలి, కస్టమ్స్ కాగితాలు అయిపోవాలి. తప్పిందా, వారానికొక ఓడే నడిపే లైన్ (షిప్పింగ్ కంపెనీ) అయితే ఇంకో వారం ఆగాల్సిందే. ఆ వారమంతా ప్లగ్ చార్జీ, యార్డు అద్దె, బ్యాంకు వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఆ డబ్బు ఎవరు కడతారు? అమెరికా వాడు కట్టడు, మనం కాకపోతే వాడికి ఈక్వడార్ ఉంది. షిప్పింగ్ కంపెనీ అసలే కట్టదు. ఎగుమతిదారు ఇలాంటివి ఏడాదికి ఎన్ని వస్తాయో అంచనా వేసుకుని, 40 కౌంట్ (కిలోకి 40 తూగే రొయ్య) రేటులోంచి ముందే కోసేస్తాడు. గట్టు మీద నిలబడి ఫోన్లో రేటు వినే రైతుకి అందులో పోర్టు కోత ఎంతో తెలియదు. మేత ధర మీద, కరెంటు మీద రోడ్డెక్కుతాం గానీ, పోర్టులో పోయిన రోజు మీద ధర్నా చేసినవాళ్ళని నేనైతే చూడలేదు.

నా దృష్టిలో మంచి పోర్టంటే చెప్పిన రోజుకి పని అయ్యే పోర్టు. పది రోజులు పడుతుందని ఖాయంగా తెలిస్తే దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ఒకసారి నాలుగు, ఇంకోసారి పద్నాలుగు అంటేనే చావు.

ఈక్వడార్ అన్నాను కదా, ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ రొయ్యలు ఎగుమతి చేసేది వాళ్ళే. అమెరికా వాళ్ళకి దగ్గర, దానికి మనం చేసేదేమీ లేదు. అయితే వాళ్ళకీ ఒక తలనొప్పి ఉండేది. గ్వాయాక్విల్ రేవులు నది లోపలికి ఉంటాయి, లోతు చాలక పెద్ద ఓడలు పోటు చూసుకుని రావాలి. 2019లో సముద్రం వైపు పొసోర్హా దగ్గర లోతైన పోర్టు తెరిచారు. వాళ్ళ రొయ్య గెలవడానికి అదొక్కటే కారణం అనను, కానీ సరుకున్న చోటుకి పోర్టును తెచ్చుకున్నారు.

మన దేశానికీ లోతు గొడవ ఉంది, పెద్ద ఓడ రాలేని రేవు నుంచి సరుకు చిన్న ఓడలో వెళ్ళి మధ్యలో పెద్ద ఓడకి మారాలి. మధ్యలో ఓడ మారాల్సిన మన సరుకులో దాదాపు 75 శాతం విదేశీ రేవుల్లోనే, ఎక్కువగా కొలంబో, సింగపూర్, మలేషియాలోని క్లాంగ్‌లలో మారుతోందని ప్రభుత్వమే చెప్పింది. దించి ఎక్కించే కూలి డాలర్లలో బయటికి పోతోంది, రోజులు అదనం. 2025 మేలో ప్రారంభమైన కేరళ విళింజం పోర్టుకి సహజంగానే 18 నుంచి 20 మీటర్ల లోతుంది, అంతర్జాతీయ ఓడల దారీ దగ్గరే, అందుకే దాని మీద అంత ఆశ.

అలాగని పోర్టు కడితే దేశం బాగుపడిపోతుందని అనుకోకండి. శ్రీలంకనే చూడండి, కొలంబో అంత బాగా నడుస్తున్నా 2022లో డాలర్లు లేక జనం పెట్రోలు బంకుల ముందు క్యూ కట్టారు. 2010లో తెరిచిన హంబన్‌తోట రేవుకి తగినంత సరుకు రాక, 2017లో 99 ఏళ్ళ లీజుకి చైనా కంపెనీకి ఇచ్చేశారు.

ఇప్పుడు మనకి రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టులు వస్తున్నాయి. భీమవరానికి విశాఖ కంటే మచిలీపట్నం చాలా దగ్గర. బెర్తులు (ఓడ ఆగే చోట్లు) ఎన్నో పేపర్లో వస్తుంది, అది ఎవరూ అడగక్కర్లేదు. రైలు పట్టాలు బెర్తు దాకా ఎప్పుడొస్తాయి, రీఫర్ ప్లగ్‌లు ఎన్ని పెడతారు, వారం వారం వచ్చి ఆగుతామని ఏ కంటైనర్ లైన్ అయినా సంతకం పెట్టిందా, మీ ఎమ్మెల్యే కనపడితే ఈ మూడూ అడగండి.