సీసా తెరిచే ముందు: బోర్డో రెడ్ వైన్ గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్ వైన్లన్నిటి గురించీ చెప్పాలంటే ఈ పూట చాలదు, కాబట్టి బోర్డో నగరానికి ఉత్తరాన, జిరోండ్ ముఖద్వారం ఒడ్డున ఉన్న పోయాక్ అనే చిన్న ఊరికే పరిమితమవుతాను. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అడిగితే, బోర్డో వైన్ దళారులు అప్పటి ధరలను బట్టి బోర్డో ప్రాంతపు వైన్లకు శ్రేణులు కట్టారు. ఇప్పుడు మొదటి శ్రేణిలో ఉన్న ఐదు ఎస్టేట్లలో మూడు, అంటే లాఫీత్, లాతూర్, మూటాన్, ఈ ఒక్క ఊరివే. మూటాన్ రెండో శ్రేణి నుంచి పైకి రావడానికి 1973 దాకా పట్టింది!

అక్కడిది గులకరాళ్ల నేల. నీరు నిలవదు, పగటి వేడి రాత్రి దాకా ఉంటుంది, ఆలస్యంగా పండే కాబెర్నే సోవినాన్ ద్రాక్షకి అది బాగా కుదిరింది. ఈ పండు చిన్నది, తోలు మందం, అందుకే వగరెక్కువ. కొత్త వైన్ తాగితే పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుకా చిగుళ్లూ పట్టేస్తాయి. ఆ వగరుకి కారణం పండు తోలులో ఉండే టానిన్ అనే పదార్థం. మొదట్లో ఇబ్బంది పెట్టేదీ అదే, వైన్‌ని దశాబ్దాల పాటు నిలబెట్టేదీ అదే. 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర, రెండేళ్లు ఉంచుతారు, మధ్యమధ్యలో మడ్డి వదిలేసి పైతేటని వేరే పీపాలోకి మారుస్తారు, పాత పద్ధతి వదలనివాళ్లు పీపాకి ఐదారు గుడ్ల తెల్లసొన కూడా కలుపుతారు, అది కాస్త టానిన్‌ని పట్టుకుని అడుక్కి దిగిపోతుంది. శాకాహారులు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత సీసాలో టానిన్, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా దిగుతాయి. ఊదా ఛాయ పోయి ఇటుక రంగు వస్తుంది, పండు వాసన తగ్గి దేవదారు చెక్క, పొగాకు, పెన్సిల్ చెక్కిన వాసనలు పైకొస్తాయి. అయితే పాతదైన ప్రతి వైనూ గొప్పదనుకోకండి, ప్రపంచంలో అమ్మే వైన్‌లో చాలా భాగం కొన్నేళ్లలోనే తాగేయాల్సిన రకం.

దాచడానికి కావాల్సింది చీకటి, 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, కార్క్ ఎండిపోకుండా సీసాని పడుకోబెట్టడం. ఎవరో బహుమతిగా ఇచ్చిన సీసాని విజయవాడ ఎండాకాలంలో బీరువాలో దాచి, కూతురి పెళ్లికి తెరుద్దామనుకుంటే మాత్రం కష్టం. వైన్ ఫ్రిజ్ లేకపోతే దాచకండి, తాగేయండి.

ఇప్పుడు వడ్డన. రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు కదా, ఆ రూమ్ అంటే హీటర్లు లేని కాలపు యూరప్ ఇంట్లోది, మన హాలు కాదు. 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. 30 డిగ్రీల్లో పోస్తే ముందు ఆల్కహాలే ముక్కుకి కొడుతుంది, అంత ఖరీదు పెట్టిందంతా వృథా. తెరిచే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, అతిథుల ముందు నామోషీ ఏమీ లేదు.

పాత సీసాని ముందురోజే నిలబెట్టాలి, మడ్డి అడుక్కి చేరుతుంది. మర్నాడు మెడ కింద దీపమో ఫోన్ లైటో పెట్టుకుని, చెయ్యి వణక్కుండా ఒకే ధారగా డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచుతూ, మడ్డి గీత మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి. బోర్డో వైన్ శాస్త్రవేత్త ఎమీల్ పేనో మడ్డి ఉంటేనే ఇలా వంచమనేవారు, అదీ తాగబోయే ముందే, ఎక్కువసేపు గాలి తగిలితే వాసన పోతుందని. పాత వైన్ విషయంలో ఆయన మాటే నా మాట. బాగా కొత్త వైన్‌తో మాత్రం నాకు పేచీ ఉంది, గంటా రెండు గంటలు గాలి తగిలితే వగరు కాస్త మెత్తబడినట్టే అనిపిస్తుంది.

గ్లాసులో మూడో వంతే పోసుకుని ముందు వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె కంపు వస్తే కార్క్ చెడినట్టే, ఒంటికి హాని లేదుగానీ రుచి చచ్చిపోతుంది. రెస్టారెంట్‌లో ముందు ఓ గుక్కెడు పోసేది ఇందుకే, మనకి నచ్చిందా లేదా అని అడగడానికి కాదు, కంపు వస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి.

తోడుగా పోయాక్‌లో లేత గొర్రెమాంసం తింటారు. మన గోంగూర మటన్ అంటే నాకూ ప్రాణమే, కానీ ఆ కారానికి వగరు ఇంకా గరుకుగా, ఆల్కహాల్ ఇంకా మంటగా తోస్తుంది. ఆ రోజుకి మిరియాలతో సాదాగా వేయించిన మటన్ చాలు, గోంగూర మర్నాడు వండుకోండి.