రట్లాండ్: హోదా పోయినా పేరు వదలని చిన్న జిల్లా

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండ్ నడిమి ప్రాంతంలో, లీసెస్టర్ నగరానికి తూర్పున, ఓకమ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడొక కోట. కోట అనగానే బురుజులు, కందకాలు ఊహించుకోకండి. ఇప్పుడు నిలిచి ఉన్నది 12వ శతాబ్దం చివర్లో వాకెలిన్ డి ఫెరర్స్ అనే ప్రభువు కట్టించిన రాతి మందిరం ఒక్కటే. లోపల గోడల నిండా గుర్రపు లాడాలు. 200కు పైగా ఉన్నాయి. రాజవంశీకులు గానీ, ప్రభువుల సభకు చెందినవారు గానీ మొదటిసారి ఆ ఊరికి వస్తే ఒక లాడం సమర్పించుకోవాలి. అది అక్కడి ఆచారం. మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 15వ శతాబ్దంలో నాలుగో ఎడ్వర్డ్ రాజు ఇచ్చినదని చెబుతారు. ఎంతటివాడైనా సరే, ఆ గడప తొక్కితే ఊరికి చెల్లించాల్సింది చెల్లించాలి. ఈ ఆచారాన్ని కాపాడుకుంటున్న సీమ పేరు రట్లాండ్. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

రట్లాండ్ విస్తీర్ణం 382 చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల్లో తేలిన జనం దాదాపు 41 వేలు. మన లెక్కలో ఒక మండలం అనుకోండి. ఓకమ్, అప్పింగమ్ అని రెండు పట్టణాలు, వాటి చుట్టూ యాభైకి పైగా పల్లెలు. పచ్చిక బీళ్లు, సున్నపురాయితో కట్టిన ఇళ్లు. ఇంత చిన్న సీమ శతాబ్దాల పాటు కౌంటీగా, అంటే మన మాటల్లో పూర్తి జిల్లాగా, నిలిచింది. 1086లో విలియం రాజు దేశమంతా భూముల లెక్క రాయించినప్పుడు దీనికి ఇంకా ఆ హోదా లేదు. అంతకుముందు ఇక్కడి భూములు ఎడిత్ రాణికి భరణంగా ఉండేవి. ఎడిత్ వెస్టన్ అనే పల్లె ఇప్పటికీ ఆమె పేరు మోస్తోంది. 13వ శతాబ్దానికల్లా రట్లాండ్ విడి కౌంటీ అయింది. దాని ఆదర్శ వాక్యం లాటిన్‌లో ముల్టుమ్ ఇన్ పార్వో. కొంచెంలోనే ఎంతో అని అర్థం.

చిన్న చోట పాలన అంటే అంతా మంచే జరుగుతుందని చెప్పబోవడం లేదు. అప్పింగమ్‌లో పేరున్న పాఠశాల ఒకటి ఉంది. 1875లో అక్కడ టైఫాయిడ్ వచ్చింది. పిల్లలు చనిపోయారు. ఊళ్లో తాగే బావులకీ, మరుగుదొడ్డి గుంతలకీ మధ్య పెద్దగా ఎడం ఉండేది కాదు. ఊరి పారిశుధ్యం చూడాల్సింది గార్డియన్ల బోర్డు. అసలు ఆ బోర్డు పుట్టింది నిరుపేదల సాయం కోసం వేసిన పన్ను డబ్బు చూసుకోవడానికి. అందులో కూర్చున్నది ఆ పన్ను కట్టే పెద్దలే. మురుగు కాలువలు తవ్వించాలన్నా, మంచినీళ్లు తెప్పించాలన్నా పన్ను పెంచాలి. పని నత్తనడక నడిచింది. జబ్బు మళ్లీ తిరగబెట్టింది.

1876 వసంతంలో ప్రధానోపాధ్యాయుడు ఎడ్వర్డ్ థ్రింగ్ ఎవరూ ఊహించని పని చేశాడు. సుమారు 300 మంది విద్యార్థులతో, ఉపాధ్యాయులతో, బల్లలూ మంచాలతో సహా బడిని మూటగట్టి రైలెక్కించాడు. వేల్స్ సముద్రతీరంలో బోర్త్ అనే పల్లెలో దించాడు. ఏడాదికి పైగా చదువులు అక్కడే సాగాయి. బడి వెళ్లిపోయాక ఊళ్లో దుకాణాలకు బేరాల్లేవు. బడిని నమ్ముకున్న చాకలివాళ్లకు, రొట్టెలు చేసేవాళ్లకు పనిలేదు. పిల్లలు పోతే కదలని పెద్దలు అంగళ్లు వెలవెలబోతే కదిలారు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది, కానీ జరిగింది అది. నీళ్ల ఏర్పాటు, మురుగు పనులు ముందుకు సాగాయి. 1877లో బడి తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఇంగ్లండ్‌లో పల్లె పాలన రూపమే మారిపోయింది. 1889లో ఎన్నికైన కౌంటీ కౌన్సిళ్లు వచ్చాయి. రట్లాండ్‌కూ ఒకటి వచ్చింది. 1894 చట్టంతో పల్లెల్లో పారిష్ కౌన్సిళ్లు ఏర్పడ్డాయి. పారిష్ అంటే మొదట ఒక చర్చి పరిధి. ఇప్పుడు అది మన పంచాయతీ లాంటిది. శ్మశానం, ఆటస్థలం, కాలిబాటలు, ఊరి సభాభవనం, ఇవీ అది చూసుకునేవి. మరీ చిన్న ఊళ్లకు కౌన్సిల్ కూడా ఉండదు. ఓటున్న వాళ్లందరూ ఒకచోట కూడి నిర్ణయాలు తీసుకుంటారు. దాన్ని పారిష్ మీటింగ్ అంటారు. మన గ్రామసభే అన్నమాట. తేడా ఏమిటంటే అక్కడ సభ వెనక పంచాయతీ ఉండదు, సభే పంచాయతీ. రట్లాండ్‌లో ఇలాంటి పల్లెలు చాలా ఉన్నాయి.

ఇక అసలు పోరాటానికి వస్తాను. ఇంత చిన్న కౌంటీ ఎందుకు, పక్కనున్న లీసెస్టర్‌షైర్‌లో కలిపేస్తే పోదా అని 1960ల మొదట్లోనే ప్రభుత్వ సంఘం ఒకటి ప్రతిపాదించింది. జనం గట్టిగా ఎదురుతిరిగారు. 1963లో అప్పటి మంత్రి కీత్ జోసెఫ్ ఆ ఆలోచన విరమించుకున్నాడు. ఆ ఊరట పదేళ్లే. 1972 చట్టం ప్రకారం 1974 ఏప్రిల్ 1న రట్లాండ్ కౌంటీ రద్దయింది. లీసెస్టర్‌షైర్ కింద ఒక డిస్ట్రిక్ట్‌గా మిగిలింది. పేరు చూసి మన జిల్లా అనుకోకండి. అక్కడ డిస్ట్రిక్ట్ అంటే కౌంటీ కింది మెట్టు. ఇళ్లు, చెత్త, కట్టడాల అనుమతులు ఓకమ్‌లోనే ఉండిపోయాయి. బడులు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ మాత్రం లీసెస్టర్ పక్కనున్న కౌంటీ కార్యాలయానికి వెళ్లిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన రోజులు గుర్తున్న పెద్దలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసు ఏ ఊళ్లో ఉందన్నది బస్సు చార్జీకి సంబంధించిన సంగతి మాత్రమే కాదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే అక్కడ ఒక పెద్ద జలాశయం కడుతున్నారు. గ్వాష్ అనే చిన్న నదికి ఎంపింగమ్ దగ్గర అడ్డుకట్ట వేశారు. వెలాండ్, నెన్ నదుల నీళ్లు పంపులతో తెచ్చి నింపారు. నెదర్ హాంబుల్టన్ అనే ఊరు పూర్తిగా, మిడిల్ హాంబుల్టన్ చాలావరకు మునిగిపోయాయి. ఎగువనున్న మూడో హాంబుల్టన్ నీళ్ల మధ్యకు చొచ్చుకొచ్చిన భూమి మీద మిగిలింది. నార్మంటన్ చర్చిని సగం ఎత్తు దాకా పూడ్చి, చుట్టూ రాళ్లు పోసి నిలబెట్టారు. ముంపు గ్రామాల బాధ మన పోలవరం, శ్రీశైలం మనుషులకు తెలుసు. నిర్మాణంలో ఉండగా దాన్ని ఎంపింగమ్ జలాశయం అనేవారు. 1976లో తెరిచేటప్పుడు పెట్టిన పేరు రట్లాండ్ వాటర్. పటంలోంచి చెరిపేసిన కౌంటీ పేరు ఇలా నీళ్ల మీద నిలిచింది. నీటి విస్తీర్ణంలో ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద జలాశయం అదే. 2021లో ఒక మడుగు నీళ్లు తీసినప్పుడు పది మీటర్ల సముద్ర సరీసృపం శిలాజం బయటపడింది. దాని వయసు 18 కోట్ల ఏళ్లు.

హోదా కోసం జనం 23 ఏళ్లు ఆగారు. 1990ల్లో స్థానిక పాలనను మళ్లీ సమీక్షించినప్పుడు రట్లాండ్ తన వాదన వినిపించింది. 1997 ఏప్రిల్ 1న లీసెస్టర్‌షైర్ నుంచి విడిపోయి సొంత పాలన తెచ్చుకుంది. చదువు, రోడ్లు, సంక్షేమం, చెత్త అన్నీ ఒకే కౌన్సిల్ చేతికి వచ్చాయి. చట్టంలో దాని పేరు రట్లాండ్ కౌంటీ కౌన్సిల్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్. చట్టం లెక్కలో ఆ కౌన్సిల్ ఇంకా డిస్ట్రిక్ట్ కౌన్సిలే, జనం మనసులో రట్లాండ్ కౌంటీయే, ఆ రెండు మాటలూ ఆ పేరులో ఇరుక్కున్నాయి. తపాలా చిరునామాల జాబితాలో రట్లాండ్ పేరు చేరేసరికి 2007 వచ్చింది.

దీనికి ఖరీదూ ఉంది. ఇంగ్లండ్‌లో అత్యధికంగా కౌన్సిల్ పన్ను కట్టే ప్రాంతాల్లో రట్లాండ్ ఒకటి. ఉన్నది 27 మంది కౌన్సిలర్లు. పోలీసు, అగ్నిమాపక సేవలు ఇప్పటికీ లీసెస్టర్‌షైర్‌తో కలిసే నడుస్తాయి. అన్నీ సొంతంగా చేసుకునే స్తోమత 41 వేల మందికి ఎక్కడిది? అయినా తమ బడి గురించి, తమ రోడ్డు గురించి నిలదీయాల్సిన మనిషి సంతలో ఎదురుపడే మనిషే కావాలని వాళ్లు కోరుకున్నారు. నేనైతే ఆ కోరికను గౌరవిస్తాను.

2024 డిసెంబర్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక శ్వేతపత్రం విడుదల చేసింది. ఒక్కో కౌన్సిల్ కింద 5 లక్షలు, అంతకు మించి జనాభా ఉండాలన్నది అందులోని సూచన. 2025 ఫిబ్రవరిలో లీసెస్టర్‌షైర్, లీసెస్టర్, రట్లాండ్ కౌన్సిళ్లను కలిపి కొత్త ఏర్పాటుకు ప్రతిపాదనలు అడిగింది. 1963లో తప్పిన ప్రశ్న, 1974లో ఓడిన ప్రశ్న, 1997లో గెలిచిన ప్రశ్న మళ్లీ ఓకమ్ గుమ్మంలోకి వచ్చింది. ఆ పట్టణంలో కోట మందిరం తలుపులు తెరిచే ఉంటాయి. ఆ లాడాలు తలకిందులుగా, తెరిచిన వైపు నేలకు చూస్తూ ఉంటాయి. అలా పెడితే సైతానుకు కూర్చోవడానికి చోటు దొరకదని అక్కడివాళ్ల నమ్మకం.

సెలవు. నమస్కారం.