పసివాడి బయాప్సీలో ‘కాల్‌రెటినిన్ నెగటివ్’ అని వస్తే?

యాంకర్: నల్గొండ జిల్లా నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా బాబుకి రెండో నెల. పుట్టిన మూడో రోజు దాకా నల్ల విరేచనం కాలేదు. ఇప్పటికీ పొట్ట ఉబ్బిపోతుంది. మా అత్తమ్మ తమలపాకు తొడిమకు ఆముదం రాసి పెడితేనే మోషన్ అవుతుంది. తొడిమ తీయగానే గ్యాస్‌తో కలిసి ఒక్కసారిగా వచ్చేస్తుంది. పేగు ముక్క తీసి పరీక్షకు పంపారు. ‘కాల్‌రెటినిన్ నెగటివ్’ అని రాశారు. నెగటివే కదా, ఏమీ లేనట్టే అంటున్నారు మావారు. సర్జన్ గారిని ఎల్లుండి కలవాలి, టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: ఈ పరీక్షలో నెగటివ్ అంటే ఊరుకోకూడదమ్మా. ఎల్లుండి తప్పకుండా వెళ్ళండి. మలాన్ని ముందుకు నెట్టే కదలికను పేగు గోడలోని గాంగ్లియాన్ కణాలు, అంటే నరాల కణాలు, నడుపుతాయి. అవి ఉన్నచోట సన్నటి నరాల పోగుల్లో కాల్‌రెటినిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కాల్షియాన్ని పట్టుకునే ప్రొటీన్ అది. ల్యాబ్‌లో ముక్కను మైనంలో పెట్టి, పల్చగా కోసి, స్లైడు మీద యాంటీబాడీ, అంటే ఆ ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే మందు, వేస్తారు. ఆ ప్రొటీన్ దొరికినచోట గోధుమ రంగు తేలుతుంది. మీ బాబు స్లైడులో ఆ రంగు రాలేదు, అంటే అక్కడ ఆ కణాలు లేకపోవచ్చు.

యాంకర్: మోనోక్లోనల్ యాంటీబాడీ అంటారు, అదేనా?

డాక్టర్: దీనికి అది కూడా వాడతారు. ఒకే కణం సంతతి నుంచి వస్తుంది కాబట్టి అంతా ప్రొటీన్‌లోని ఒకే గుర్తును పట్టుకుంటుంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఈ పద్ధతి కనిపెట్టారు, 1984లో నోబెల్ వచ్చింది. ఇదివరకు వాడిన ఎంజైమ్ పరీక్షకు ముక్కను గడ్డకట్టించి పంపాలి. ఈ కాల్‌రెటినిన్ పరీక్షకు ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) సీసాలో వేసి పంపినా చాలు. దూరపు ఊళ్ళ పిల్లలకు అదెంత మేలో నాకు తెలుసు.

కాలర్: అయితే జబ్బు ఉన్నట్టేనా సార్?

డాక్టర్: హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు, అంటే పేగు చివరి భాగంలో పుట్టుకతోనే ఈ కణాలు లేకపోవడం, అనే అనుమానం బలంగా ఉంది. సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది. మీరు తిన్నదాని వల్ల వచ్చింది కాదు, ఎవరేమన్నా మనసులో పెట్టుకోకండి. కణాలు లేని భాగం తీసేసి, మంచి పేగును కిందికి తెచ్చి కలుపుతారు. కానీ ఫోన్‌లో నేను తేల్చకూడదు. మలద్వారానికి మరీ దగ్గర ఈ కణాలు మామూలుగానే తక్కువ. ముక్క సరైన ఎత్తు నుంచి తీశారా, మామూలు స్లైడులో గాంగ్లియాన్ కణాలు ఏమైనా కనిపించాయా, కంట్రోల్ స్లైడుకు (పరీక్ష సరిగా పనిచేసిందో చూసే, రంగు రావాల్సిన స్లైడు) రంగు వచ్చిందా, సర్జన్‌ని ఈ మూడూ అడగండి. ఆస్పత్రి మారితే స్లైడ్లు, ముక్క ఉన్న మైనం బ్లాకు అడిగి తీసుకెళ్ళండి.

కాలర్: అప్పటిదాకా తొడిమ పెట్టవచ్చా?

డాక్టర్: వద్దమ్మా, లోపల గాయమవుతుంది. సెలైన్‌తో పేగు కడగడం ఆస్పత్రిలోనే చేయిస్తారు. పాలు మానకండి. జ్వరం, గట్టిగా ఉబ్బిన పొట్ట, కంపు కొట్టే నీళ్ళ విరేచనాలు, ఆకుపచ్చ వాంతి, వీటిలో ఏది కనిపించినా ఎల్లుండి దాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా బయల్దేరండి.

కాలర్: హైదరాబాద్ చేరేసరికి మూడు గంటలు పడుతుంది సార్.

డాక్టర్: అయితే ముందు దగ్గరలోని పెద్దాస్పత్రికి వెళ్ళండి. సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టించి, అక్కడి నుంచి అంబులెన్స్‌లో తీసుకెళ్ళండి. బయాప్సీ రిపోర్టు చేతిలోనే ఉంచుకోండి.