ఉతికాక రెయిన్ జాకెట్ ఎందుకు తడుస్తోంది? - ఫోన్-ఇన్

యాంకర్: హలో, లైన్‌లో ఎవరండీ? టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్ (హనుమకొండ): నమస్తే మేడమ్, నమస్తే సార్. నేను బైక్ మీద డెలివరీ చేస్త. మంచి రెయిన్ జాకెట్ కొన్న సార్, మొదట్ల చుక్క పడితే ఉండకట్టి జారిపోయేది, ఇప్పుడు ఉతుకుడు మొదలుపెట్టినంక పైబట్ట తడిసి బరువెక్కుతంది. కోటింగ్ పోయిందా, పైసలు దండగేనా?

ప్రొఫెసర్: మొత్తం పోయుండదు తమ్ముడూ. ఇట్లాంటి బట్టల మీద చాలావరకు ఉండేది యాక్రిలేట్ పాలిమర్, అంటే పొడుగాటి గొలుసులాంటి ప్లాస్టిక్ అణువు, దాని మెయిన్ చెయిన్ మామూలు కార్బనే, పక్కన ఫ్లోరిన్ గొలుసులు వేలాడుతుంటాయి, వాటి కొసన సీఎఫ్3, అంటే ఒక కార్బన్‌కి మూడు ఫ్లోరిన్లు. పనంతా ఆ కొసదే. ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లని గట్టిగా పట్టుకుని కూచుంటది, పక్కవాటితో లాగుడు తక్కువ. ఉపరితల శక్తి, అంటే పైపొరకి ఉండే లాగుడు, పాలిథిన్‌కి 31 దాకా, టెఫ్లాన్‌కి 18, సీఎఫ్3లు ఒత్తుగా పేరిస్తే 6కి దిగుద్ది, మిల్లీన్యూటన్లలో, మీటరుకి. నీళ్లకి 72, నూనెలకి 20-30 మధ్య. బట్టది ద్రవం కంటే బాగా తక్కువుంటేనే చుక్క పరుచుకోకుండా ఉండకడుద్ది. అందుకే సిలికోన్ పూస్తే నీళ్లాగుతాయి గానీ నూనె ఆగదు, ఫ్లోరిన్‌కైతే రెండూ ఆగుతాయి.

కాలర్: మరి నాదెందుకు ఆగుతలేదు సార్?

ప్రొఫెసర్: ఆ గొలుసులు నిలబడి ఉంటేనే పని. నీళ్లలో నానితే, సబ్బులో నలిగితే గాలివానకి వరి పడిపోయినట్టు వాలిపోతాయి, కింద ఉన్న యాక్రిలేట్ భాగం పైకి తేలుద్ది, దానికేమో నీళ్లంటే ఇష్టం. వెనకటి కోటింగుల్లో గొలుసుకి ఫ్లోరిన్ తగిలిన కార్బన్లు 8 ఉండేవి, అవి స్ఫటికంలా సర్దుకుని కదిలేవి కావు. ఆ రకం నుంచి పీఎఫ్ఓఏ అనే రసాయనం వస్తది, ఒంట్లోంచి, మట్టిలోంచి తొందరగా పోదు, 2019లో దాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందంలో, అంటే ఇట్లా తొందరగా పోని రసాయనాల్ని కట్టడి చేసే దేశాల ఒప్పందంలో చేర్చేశారు. దాని బదులు 6 కార్బన్లది వచ్చింది, పొట్టిది కాబట్టి సర్దుకోదు, ఈజీగా తిరగబడుద్ది. నిజం చెప్పాలంటే నూనె మరకలకి తప్ప వానకి మనకి ఫ్లోరిన్ అంత అవసరమా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

కాలర్: ఇప్పుడు ఏం చేయాలె?

ప్రొఫెసర్: రెండుసార్లు మంచినీళ్లలో జాడించు, సబ్బు మిగిలితే అదే నీళ్లని లోపలికి లాగుద్ది. సాఫ్ట్‌నర్ అస్సలు వద్దు. బాగా ఆరాక, లేబుల్ మీద ఇస్త్రీ గుర్తు ఉంటేనే, పల్చటి గుడ్డ అడ్డంపెట్టి తక్కువ వేడి మీద రుద్దు. వేడికి గొలుసులు మళ్లీ పైకి లేస్తాయి. భుజాల దగ్గర బ్యాగు రాసుకుని అరిగిపోయినచోట మాత్రం లేవడానికి ఏమీ ఉండదు, అక్కడ స్ప్రే కొట్టుకోవాల్సిందే.

యాంకర్: ఇంకో కాల్ ఉంది సార్, గుంటూరు నుంచి ఎమ్మెస్సీ స్టూడెంట్.

కాలర్ (గుంటూరు): సార్, పక్కన కాకుండా చెయిన్ చివర్లలో మాత్రమే ఫ్లోరిన్ పెడితే? రెండే కదా, ఏం తేడా వస్తుంది?

ప్రొఫెసర్: భలే అడిగావమ్మా. రెండే అయినా అవి బల్క్‌లో, అంటే పదార్థం లోపల ఉండవు, గాలి తగిలే పైపొరకి వచ్చేస్తాయి, చెయిన్ పొట్టిదైతే ఇంకా గట్టిగా తెలుస్తది. పీఈజీ, అదే పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పాలిమర్ తీసుకో, నీళ్లలో హాయిగా కరుగుద్ది. దాని రెండు కొసలకీ ఫ్లోరిన్ తోకలు తగిలించు, నీళ్లంటే పడక తోకలన్నీ గుంపులు కడతాయి, ఒకే చెయిన్ రెండు గుంపుల మధ్య వంతెనయిపోద్ది, గాఢత పెంచితే ద్రావణం కాస్తా జెల్ అయి కూచుంటది. వీలైతే మీ ల్యాబ్‌లో ఫ్లోరిన్ ఎన్ఎంఆర్, అంటే అణువులో ఫ్లోరిన్ చుట్టూ ఏముందో సిగ్నల్‌తో చూపే పరీక్ష తీయించి చూడు, గుంపులో ఉన్న తోకలకి గ్రాఫ్‌లో పీక్ వెడల్పయ్యి పక్కకి జరుగుద్ది.